సైట్ ఉన్నవాళ్లు నీళ్లలోకి దిగాలంటే: పవర్ గాగుల్స్, అద్దాలు ఎంచుకునే పద్ధతి

ఎండాకాలం సెలవులు మొదలయ్యాయంటే ఇవే ప్రశ్నలు. "అన్నా, నాకు మైనస్ నాలుగు. లక్నవరంల కయాక్ ఎక్కుతున్నం, అద్దాలు పెట్టుకోవాల్నా తీసేయాల్నా?" "మా బాబును ఈతకు పంపుతున్నాం, కాంటాక్ట్ లెన్స్ పెట్టి పంపొచ్చా?" "పవర్ గాగుల్స్ ఆన్‌లైన్‌లో తెప్పించాను, పెట్టుకుంటే తల తిరుగుతోంది." ఒక్కొక్కరికి విడిగా చెప్పేకన్నా మొదటి నుంచి వరుసగా రాస్తున్నాను. ఈ వరుస మార్చకండి. చాలామంది నేరుగా మూడో మెట్టు దగ్గర, అంటే నంబర్ దగ్గర మొదలుపెడతారు. డబ్బులు పోయేది అక్కడే.

1. ముందు ఎక్కడి నీళ్లో తేల్చుకోండి

అన్ని నీళ్లకూ పనికొచ్చే ఒకే జత ఉండదు. తల నీళ్లలో మునుగుతుందా, నీళ్ల పైన ఉంటుందా అన్నదే అసలు లెక్క.

- ఈతకొలను, వ్యవసాయ బావి: తల మునుగుతుంది. పవర్ గాగుల్స్ కావాలి.
- లక్నవరం, రామప్ప, పాకాల లాంటి చెరువుల్లో పెడల్ బోటు, కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ): తల పైనే ఉంటుంది, పడితే తప్ప మునగదు. మామూలు పవర్ అద్దాలే, కాకపోతే తగిన ఫ్రేమ్, వెనక స్ట్రాప్ ఉండాలి.
- స్పీడ్ బోటు, జెట్ స్కీ: గాలీ తుంపర్లూ కలిసి కొడతాయి. ముఖానికి దగ్గరగా పట్టి ఉండే స్పోర్ట్స్ ఫ్రేమ్ కావాలి.
- అండమాన్‌కో గోవాకో వెళ్లి స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీస్తూ నీళ్ల పైన ఈదడం), స్కూబా (గాలి ట్యాంకుతో లోతుకు దిగడం) చేసేవాళ్లు: ముక్కును కూడా కప్పే మాస్క్, అందులో పవర్ అద్దాలు.
- బొగత లాంటి జలపాతాలు, జంపన్న వాగు, కాళేశ్వరం స్నానాలు: ఏమీ కొనొద్దు. అద్దాలు తీసి పెట్టెలో పెట్టి ఒడ్డున ఉన్నవాళ్లకు ఇవ్వండి. మేడారం జాతర గుంపులో మునక వేసి, లేచాక అద్దాల కోసం కాళ్లతో వెతికేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

"నీళ్లలో ఎవరికైనా మసకే గదా, పవర్ ఎందుకు?" అని కొందరు అడుగుతారు. కంటి పైపొర, అంటే కార్నియా, గాలిలో ఉన్నప్పుడు సుమారు 43 డయాప్టర్ల (అద్దం పవర్‌ను కొలిచే లెక్క) పని చేస్తుంది. నీళ్లు దానికి తగిలితే ఆ శక్తి దాదాపు అంతా పోతుంది. అందుకే మంచి చూపు ఉన్నవాళ్లకు కూడా నీళ్లలో మసకే. గాగుల్స్ పెట్టుకుంటే కంటి ముందు మళ్లీ గాలి ఉంటుంది కాబట్టి కార్నియా మామూలుగా పనిచేస్తుంది. దాంతో మీ సైట్ కూడా మామూలుగానే తిరిగొస్తుంది. బయట ఏ పవర్ కావాలో లోపల కూడా అదే కావాలి.

మైనస్ 1.5 లోపు ఉండి, ఈతకొలనులో ఈతకు మాత్రమే అయితే మామూలు గాగుల్స్ చాలు. గోడ మీది గడియారం కాస్త మసగ్గా కనిపిస్తుంది, అంతే. ఆ డబ్బుతో మంచి సీల్, అంటే ముఖానికి అంటుకునే అంచు, ఉన్న గాగుల్స్ కొనుక్కోండి.

2. కంటి చిట్టీ (ప్రిస్క్రిప్షన్) కొత్తది తెచ్చుకోండి

రెండేళ్ల కిందటి కాగితం పట్టుకుని కొనకండి. పెద్దవాళ్లకు ఏడాదిలోపు చిట్టీ ఉండాలి. పిల్లలకు అంతకన్నా ముందే ఒకసారి చూపించాలి, ఎదిగే వయసులో నంబర్ తొందరగా మారుతుంది. మిషన్‌లో నుంచి వచ్చిన చిన్న ప్రింటు చిట్టీ కాదు. డాక్టరో ఆప్టోమెట్రిస్టో అక్షరాలు చదివించి రాసిచ్చినదే చిట్టీ.

చిట్టీ మీద ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

- కుడి కన్ను, ఎడమ కన్ను విడివిడిగా
- స్ఫియర్, అంటే అసలు నంబర్, ముందు ప్లస్సా మైనస్సా స్పష్టంగా
- సిలిండర్ (కంటి వంపు అన్ని వైపులా సమానంగా లేనప్పుడు ఇచ్చే అదనపు నంబర్) ఉంటే దాని గుర్తు, యాక్సిస్ (అది ఏ కోణంలో పెట్టాలో)
- పీడీ, అంటే రెండు నల్లగుడ్ల మధ్య దూరం, మిల్లీమీటర్లలో

నాలుగోది సాధారణంగా రాయరు. అడిగితే కొలిచి చెబుతారు, నిమిషం పని. మైనస్ 5, 6 పైన ఉన్నవాళ్లకు ఇది చాలా అవసరం. అద్దం మధ్యభాగం కంటి నల్లగుడ్డుకు ఎదురుగా లేకపోతే కన్ను దాన్ని సర్దుకోవడానికి లాగుతుంది. పది నిమిషాల ఈతకే కణతలు నొప్పి పుడతాయి. పైన చెప్పిన ఆన్‌లైన్ గాగుల్స్ కేసులో నంబర్ సరిగానే ఉంది. ముక్కు మీది బ్రిడ్జ్ మాత్రం ఆయనకు మరీ వెడల్పు.

3. నంబర్ లెక్క

రెడీమేడ్ పవర్ గాగుల్స్ ఎక్కువగా అర డయాప్టర్ మెట్లలో వస్తాయి: మైనస్ 2, 2.5, 3, 3.5 ఇలా. చాలా కంపెనీలు మైనస్ 8 దాకా, కొన్ని 10 దాకా చేస్తాయి. ప్లస్ నంబర్లు దొరకడం కష్టం. వీటిలో సిలిండర్ ఉండదు. కాబట్టి సిలిండర్‌లో సగం తీసుకుని స్ఫియర్‌కు కలపాలి.

ఒక చిట్టీ తీసుకుని చేద్దాం.

కుడి: మైనస్ 3.25, సిలిండర్ మైనస్ 0.75. సగం అంటే మైనస్ 0.375. కలిపితే మైనస్ 3.62. దొరికేవి 3.5, 4. తక్కువదైన 3.5 తీసుకోండి.

ఎడమ: మైనస్ 4.50, సిలిండర్ మైనస్ 0.50. కలిపితే మైనస్ 4.75. దొరికేవి 4.5, 5. ఇక్కడ కూడా తక్కువదే, 4.5.

ఎప్పుడూ తక్కువ వైపుకే ఎందుకు? చిన్న గాగుల్స్‌లో అద్దం మామూలు కళ్లద్దాలకన్నా కంటికి దగ్గరగా కూర్చుంటుంది. మైనస్ అద్దం కంటికి దగ్గరయ్యే కొద్దీ దాని ప్రభావం పెరుగుతుంది. మైనస్ 4 దాకా ఈ తేడా తెలియదు, ఆ పైన తెలుస్తుంది. మైనస్ 6 కళ్లద్దాలు వాడేవాళ్లకు కంటి మీదే పెట్టే కాంటాక్ట్ లెన్స్ 5.5 చుట్టుపక్కల ఇచ్చేది ఇందుకే. పైగా నంబర్ ఎక్కువైన అద్దంతో కన్ను శ్రమపడుతుంది. కాస్త తక్కువైతే దూరం కొంచెం మసకబారుతుంది, ఈతకు అదేమీ అడ్డం కాదు.

డాక్టర్లు కొందరు సిలిండర్‌ను ప్లస్‌లో రాస్తారు. భయపడకండి, లెక్క అదే, గుర్తు వదలకుండా కలపండి. మైనస్ 4, సిలిండర్ ప్లస్ 1 అంటే మైనస్ 3.5 వస్తుంది. చాలామంది ఇక్కడ గుర్తు మర్చిపోయి 4.5 కొంటారు.

రెండు కళ్ల నంబర్లు వేరైతే ఒక్కో కంటికి విడిగా అద్దం ఎంచుకుని, స్ట్రాప్‌తో బిగించుకునే రకం కొనండి. పై చిట్టీకి అదే దారి. రెండు వైపులా ఒకే నంబర్ ఉన్నది తప్ప దొరక్కపోతే, తేడా అర డయాప్టర్ వరకు ఉంటే తక్కువ కంటి నంబర్ తీసుకుని సరిపెట్టుకోవచ్చు. ఒకటి దాటితే సరిపెట్టుకోవద్దు.

సిలిండర్ 1.5, 2 దాటిందా? సగం లెక్క అంతగా పనిచేయదు, గీతలు నీడపడినట్టే కనిపిస్తాయి. అప్పుడు ఆర్డర్ ఇచ్చి చేయించుకోవాలి. రెడీమేడ్ కన్నా చాలా ఎక్కువ అవుతుంది, వారాలు పడుతుంది. వారానికి నాలుగు రోజులు ఈత కొట్టేవాళ్లకైతే పెట్టిన డబ్బు దండగ కాదు. సంవత్సరానికి ఒకసారి రిసార్ట్‌కు వెళ్లేవాళ్లకు అనవసరం.

4. దుకాణంలో చేయాల్సిన పరీక్ష

హన్మకొండ చౌరస్తా అయినా, మంచిర్యాల అయినా, షాపులో కౌంటర్ దగ్గర జరిగేది ఒకటే. అమ్మేవాళ్లు గాగుల్స్ తీసి స్ట్రాప్ లాగి మీ తలకు బిగించి "చూడండి సార్, పర్ఫెక్ట్" అంటారు. బిగిస్తే ఏదైనా నిలబడుతుంది. మీరు స్ట్రాప్ వెనక్కి వేసి వదిలేయండి. గాగుల్స్‌ను రెండు చేతులతో కంటి గుంటల మీద పెట్టి మెల్లగా అదిమి, చేతులు తీసేయండి. రెండు మూడు సెకన్లు దానంతట అదే అంటుకుని ఉండి తర్వాత జారిందంటే సీల్ మీ ముఖానికి కుదిరినట్టు. చేతులు తీయగానే ఊడి పడితే అది మీది కాదు, నంబర్ ఎంత సరిపోయినా సరే.

ఒక వైపు అంటుకుని ఇంకోవైపు ఊడితే ముక్కు బ్రిడ్జ్ మార్చి మళ్లీ చూడండి. మంచి రకాల్లో డబ్బాలోనే రెండు మూడు సైజుల బ్రిడ్జ్‌లు ఇస్తారు. బ్రిడ్జ్ మార్చలేని ఒకే ముక్క గాగుల్స్‌ను, నంబర్ ఎక్కువున్నవాళ్లు తీసుకోకపోవడమే మంచిది.

సీల్ మెత్తని సిలికాన్ అయి ఉండాలి. గట్టి ప్లాస్టిక్ అంచులు, చవక ఫోమ్ అంచులు వద్దు. తర్వాత షాపు గుమ్మం దగ్గరికి వెళ్లి రోడ్డు అవతలి బోర్డు చదవండి. ఒక్కో కన్ను మూసి చదవండి. తల అటూ ఇటూ తిప్పినప్పుడు బోర్డు ఊగినట్టుంటే పీడీ తేడా ఉందేమో అడగండి.

5. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుని దిగొద్దు

ఇందులో నాకు రాజీ లేదు. కుళాయి నీళ్లు, బావి, చెరువు, ఈతకొలను అన్నిట్లో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండే అవకాశం ఉంది. అది గుల్ల కట్టుకుని ఉన్నప్పుడు క్లోరిన్ కూడా దాన్ని నమ్మకంగా చంపలేదు. లెన్స్‌కూ కంటికీ మధ్య ఇరుక్కుంటే కార్నియాను తింటుంది. అరుదైన జబ్బే, కానీ వస్తే నెలల తరబడి మందులు, ఒక్కోసారి చూపే పోతుంది. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా ఈతకు ముందు లెన్స్ తీసేయమనే చెబుతుంది.

పొరపాటున లెన్స్‌తో ముంచారనుకోండి. చేతులు సబ్బుతో కడుక్కుని తుడుచుకుని, లెన్స్ తీసి రోజువారీదైతే పారేయండి. నెలవారీదైతే దాని సొల్యూషన్‌లోనే శుభ్రం చేసి నానబెట్టండి, కుళాయి నీళ్లతో కడగొద్దు. ఆ తర్వాత కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతుంటే ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. "లెన్స్ పెట్టుకుని నీళ్లలో దిగాను" అన్న ముక్క మీరే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు. మెడికల్ షాపులో చుక్కలు కొనుక్కుని వేసుకోవడం ఇక్కడ పనికిరాదు.

లేసిక్, శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు డాక్టర్ చెప్పిన గడువు దాటేదాకా ఏ గాగుల్స్ పెట్టుకునీ దిగొద్దు.

6. పడవ మీదికి అద్దాలు

నా మొదటి మంచి ఫ్రేమ్ ఇప్పటికీ లక్నవరం అడుగునే ఉంది. పడవ ఆగి ఉంది కదా, చేయి నీళ్లలో పెడదామని పక్కకు వంగాను. చెమటకు ముక్కు మీంచి జారి, బుడుంగుమని శబ్దం కూడా లేకుండా పోయింది. మైనస్ ఐదున్నర కళ్లతో, వెనక సీట్లో కూర్చుని, డెబ్బై ఎనభై కిలోమీటర్లు హన్మకొండకు వచ్చాను. అప్పటి నుంచి రెండు అలవాట్లు: స్ట్రాప్ లేకుండా పడవ ఎక్కను, పాత జత లేకుండా ఊరు దాటను.

ఫ్రేమ్ ప్లాస్టిక్‌ది, తేలికైనది, ముక్కు దగ్గరా చెవుల వెనకా రబ్బరు ఉన్నది తీసుకోండి. అద్దం పాలీకార్బొనేట్ లేదా ట్రైవెక్స్ అడగండి. తెడ్డు తగిలినా పగిలి కంట్లో గుచ్చుకోదు. గాజు అద్దాలతో పడవ ఎక్కొద్దు.

ముఖాన్ని చుట్టుకుని ఉండే ఫ్రేమ్ గాలిని బాగా ఆపుతుంది. కానీ నంబర్ మైనస్ 4 దాటితే ఆ వంపులో పక్కచూపు వంకరపోతుంది. అలాంటివాళ్లు వంపు తక్కువున్నది, పక్కలు కాస్త వెడల్పుగా ఉన్నది చూసుకోవాలి.

పోలరైజ్డ్ అద్దాలు చెరువు మీద నిజంగా పనికొస్తాయి. మధ్యాహ్నం నీళ్ల మీది తళుకు తగ్గి, అడుగున ఉన్న మొద్దులు, రాళ్లు కనిపిస్తాయి. ఒక చిక్కుంది: కొన్ని ఫోన్లు ఒక వైపు తిప్పితే తెర నల్లగా అవుతుంది. ఫోన్ పాడైందని కంగారుపడకండి, తిప్పి చూడండి. రంగు ముదురుగా ఉంటే ఎండ నుంచి కాపాడుతుందన్నది అపోహ. యూవీ 400 (ఎండలోని హానికర కిరణాలను ఆపుతుందనే గుర్తు) అని ఉండాలి. పొద్దుగూకే వేళ తిరిగొచ్చే పడవలకు మాత్రం నల్లద్దాలు వద్దు, మామూలు జత దగ్గరుంచుకోండి.

స్ట్రాప్ విషయానికొస్తే, ఫోమ్ నింపిన తేలే రకం కొనండి. ప్యాకెట్ మీద తేలుతుందని రాసి ఉంటే నమ్మేయకండి. ఇంట్లో బకెట్ నిండా నీళ్లు పట్టి, స్ట్రాప్ బిగించిన అద్దాలను పైనుంచి వదలండి. ఒకసారి మునిగినా పైకి తేలాలి. తేలకపోతే అద్దాల బరువు ఎక్కువ, లేదా స్ట్రాప్ చిన్నది. ఐదు నిమిషాలు అలాగే వదిలి చూడండి, కొన్ని స్ట్రాప్‌లు నీళ్లు పీల్చి మెల్లగా దిగిపోతాయి.

లైఫ్ జాకెట్ వేసుకున్నాక మరోసారి చూసుకోవాలి. కూర్చున్నప్పుడు జాకెట్ పైకి లేచి కాలర్ స్ట్రాప్‌ను నెడుతుంది, అద్దాలు ముక్కు మీంచి లేస్తాయి. జాకెట్ నడుము బెల్టు బిగించి, స్ట్రాప్‌ను తల వెనక గట్టిగా కాకుండా పైకి సర్దండి.

7. స్నార్కెలింగ్, స్కూబా మాస్క్

ఈత గాగుల్స్‌తో లోతుకు పోకూడదు. పది మీటర్ల లోతుకు వెళ్తే మొత్తం ఒత్తిడి పైనున్న గాలి ఒత్తిడికి రెట్టింపవుతుంది. గాగుల్స్ లోపలి గాలిని సర్దడానికి ముక్కు దారి లేదు కాబట్టి అవి కంటిని పీల్చి పడతాయి, రెండు మూడు మీటర్లకే ఇబ్బంది తెలుస్తుంది. మాస్క్ ముక్కును కప్పేది అందుకే.

మాస్క్ పరీక్ష: స్ట్రాప్ వేయకుండా ముఖానికి పెట్టి ముక్కుతో గాలి పీల్చండి. చేయి వదిలినా పడకూడదు. మీసం దట్టంగా ఉంటే పై పెదవి దగ్గర నీళ్లు కారతాయి. ముక్కు కింద కాస్త కత్తిరించుకోండి, లేదా కొద్దిగా కారడానికి సిద్ధపడండి.

అద్దాలు టెంపర్డ్ గాజు అయి ఉండాలి. నంబర్ లెక్క మూడో మెట్టులోదే. నీళ్లలో వస్తువులు మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి, అది నంబర్ తప్పు కాదు. అండమాన్‌లో అద్దెకిచ్చేవాళ్ల దగ్గర మీ నంబర్ ఉంటుందో లేదో ముందే ఫోన్ చేసి అడగండి. నలభై దాటి దగ్గరివి చదవలేనివాళ్లకు, స్కూబా మీటర్ చూడటానికి కింద అతికించే ప్లస్ ముక్కలు దొరుకుతాయి, అవి చాలు.

8. పిల్లలకు

పెద్దల గాగుల్స్ బిగించి ఇవ్వకండి. చిన్న ముఖానికి చిన్న సీల్, చిన్న బ్రిడ్జ్ కావాలి. నంబర్ మారిపోతుంది కాబట్టి ఖరీదైనది కాకుండా అద్దాలు మార్చుకునే రకం కొనండి. నడుముకు బెండు కట్టి బావిలో నేర్పే ఊళ్లలో కూడా గాగుల్స్ పనికొస్తాయి, కానీ పైనుంచి దూకేటప్పుడు తీయించాలి. నీళ్ల దెబ్బకు అవి ముఖానికి గట్టిగా తగులుతాయి. గాగుల్స్‌ను ముఖం ముందుకు లాగి వదలడం పిల్లల ఆట. రబ్బరు పట్టుతో వచ్చి కంటిని కొడుతుంది. మొదటి రోజే చెప్పండి: తీసేది వెనక నుంచి పైకి.

9. మామూలుగా వచ్చే తంటాలు, మందు

మబ్బు పట్టడం: మబ్బు పట్టకుండా లోపల వేసిన పూతను వేలితో రుద్దితే అది పోతుంది, ఇక రోజూ మబ్బే. దిగే ముందు శుభ్రమైన నీళ్లతో తడిపి, దులిపి పెట్టుకోండి. పూత పోయాక చుక్క బేబీ షాంపూ నీళ్లలో కలిపి లోపల తిప్పి బాగా కడగండి, లేకపోతే కళ్లు మండుతాయి. కొత్త గాజు మాస్క్‌కు మాత్రం టూత్‌పేస్ట్ రుద్ది కడగొచ్చు, ప్లాస్టిక్ గాగుల్స్‌కు ఆ పని చేస్తే గీతలే.

నీళ్లు కారడం: అందరూ స్ట్రాప్ బిగిస్తారు. బిగించే కొద్దీ సీల్ వంగి ఇంకా కారుతుంది, కళ్ల చుట్టూ గుండ్రంగా మచ్చలు పడతాయి. స్ట్రాప్ వదులు చేసి, తల వెనక ఎత్తుగా జరిపి, సీల్ కింద వెంట్రుక గానీ టోపీ అంచు గానీ ఇరుక్కుందేమో చూడండి. అప్పటికీ కారితే బ్రిడ్జ్ మార్చండి.

తల తిరగడం: మొదటి రోజు పది నిమిషాలు మామూలే. మూడో రోజుకు కూడా ఉంటే నంబర్ ఎక్కువైంది, లేదా కుడి ఎడమ అద్దాలు తారుమారు అయ్యాయి. రెండోది నవ్వులాటగా అనిపిస్తుంది గానీ తరచూ జరిగేదే. బిగించేటప్పుడే కుడి స్ట్రాప్‌కు ఎర్ర దారం కట్టుకోండి.

పూత పొరలు లేవడం: మన ఎండల్లో కారు డాష్‌బోర్డు మీద, బండి డిక్కీలో గాగుల్స్ వదిలేస్తే వచ్చే ఫలితం. ఈత అయ్యాక మంచినీళ్లలో కడిగి, నీడలో ఆరబెట్టి, మెత్తని సంచిలో పెట్టండి. తువ్వాలతో తుడవొద్దు.

10. బయల్దేరే ముందు

- చిట్టీ ఫోటో ఫోన్‌లో ఉందా
- పాత అద్దాల జత, గట్టి పెట్టెలో
- స్ట్రాప్ బకెట్ పరీక్ష అయిందా
- గాగుల్స్ అద్దాలు కుడి ఎడమ సరిగా ఉన్నాయా
- కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లకు ఖాళీ డబ్బా, సొల్యూషన్
- నీళ్ల నుంచి బయటికి రాగానే అందేలా పొడి అద్దాలు ఎవరి దగ్గర ఉంటాయో తేలిందా

చివరిది తేలిగ్గా తీసుకోకండి. గాగుల్స్ తీసిన చోటికీ అద్దాల సంచి ఉన్న చోటికీ మధ్య తడిసిన బండలు ఉంటాయి. నంబర్ ఎక్కువున్నవాళ్లు సంచి దగ్గరికి చేరేదాకా గాగుల్స్ తీయకుండా నడవండి, చూసి నవ్వేవాళ్లు నవ్వుతారు.